ఇడిసిపెట్టక్కా

మా ఇంట్లో గోనెసంచులతో వేసిన దారి ఒకటి ఉంది. వంటింటి గడప దగ్గర మొదలై, నా మంచం పక్క నుంచి పోయి, రెండో గదిలో ఖాళీ మంచం కింద ఆగిపోతుంది. మొత్తం పదకొండు సంచులు. నున్నటి నాపరాళ్ల మీద కుందేలు కాళ్లు నిలవవు, జారిపోతాయి, అందుకని పరిచాను. కొత్తగా వచ్చినవాళ్లు చూసి ఇల్లు కురుస్తోందేమో అనుకుంటారు. అయినా మా ఇంటికి కొత్తగా వచ్చేవాళ్లు ఎంతమంది గనక! గ్యాసు బండ తెచ్చే మనిషి, ఎప్పుడైనా ఓటర్ల లిస్టు పట్టుకుని వచ్చేవాళ్లు.

ఆ కుందేలు నాది కాదు. ఏడాదిన్నర పాటు అడిగినవాళ్లందరికీ ఇదే చెప్పాను. నాకు నేను కూడా ఇదే చెప్పుకున్నాను.

నేను శిరివెళ్ల మండలంలో ఒక హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఉండేది నంద్యాలలో, మేడ మీద రెండు గదుల వాటాలో. ఆ వాటాలో నాలుగేళ్లు నాతో పాటు మా బళ్లోనే లెక్కలు చెప్పే అమ్మాయి ఉండేది. నా కంటే పదహారేళ్లు చిన్న. నన్ను అక్కా అనేది, నేను పాపా అనేదాన్ని. పొద్దున ఇద్దరం ఒకే బస్సు ఎక్కేవాళ్లం. ఎక్కిన ఐదు నిమిషాలకే ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయేది. శిరివెళ్ల దగ్గర పడ్డాక నేను లేపేదాన్ని. భుజం తిమ్మిరెక్కినా కదిలేదాన్ని కాదు. ఆ తిమ్మిరి నాకు ఇష్టంగానే ఉండేది, ఇప్పుడు చెప్పడానికి సిగ్గెందుకు.

కుందేలును కొన్నది ఆమే. ఒకరోజు సాయంత్రం బస్టాండు బయట, రంగులు పూసిన కోడిపిల్లలను, కుందేళ్లను బండి మీద బోనులో పెట్టుకుని ఒకతను అమ్ముతున్నాడు. ఈమె చూసిందంటే ఇక కదలదు.

"పాపమక్కా, ఎండకు ఎట్లా రొప్పుతాందో చూడు," అంది.

"నీకు వండి పెట్టేకే నాకు తీరడం ల్యా. దీనికెవరు పెడతారు?" అన్నాను.

"నేనే పెడతా. నువ్వు దాని మొగం గూడా చూడొద్దు," అంది. అన్నట్టుగానే రెండు వారాలు పెట్టింది. మూడో వారం నుంచి గరిక పీకేది నేను, ముల్లంగి ఆకు తెచ్చేది నేను, ఇనుప గూడు కడిగేది నేను. తెల్లటి కుందేలు, ఎడమ చెవి కొస మాత్రం బూడిద రంగు. గూడు వరండాలో ఉండేది. ముద్దు చేయడం ఆమె పని, మిగతావన్నీ నా పనులు. అట్లా బాగానే సాగింది.

తర్వాత ఆమెకు పెళ్లి కుదిరింది. అబ్బాయి వాళ్లది ఆళ్లగడ్డ, విగ్రహాలు చెక్కే వాళ్లు. రోడ్డు పక్కనే రాళ్ల యార్డు. పెళ్లయిన నెలకు బదిలీ కూడా అక్కడికే దొరికింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ ఏమంత దూరం, పొద్దున పోయి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావచ్చు. నేను ఆ లెక్క వేసుకునే ధైర్యంగా ఉన్నాను. సామాను ఆటోలోకి ఎక్కించేటప్పుడు ఆమె గూడు దగ్గర కూర్చుని ఏడ్చింది.

"పదిరోజులక్కా. మా అత్తమ్మకు మెల్లగా చెప్పుకోని వచ్చి తీసకపోతా. అంతవరకూ చూసుకో," అంది. రెండో గదిలో ఉన్న తన మంచం కూడా అప్పుడే తీసుకుపోతానంది.

నాకు ఆ క్షణాన లోపల్లోపల సంతోషం వేసింది. కుందేలు నా దగ్గర ఉన్నంతకాలం ఆమె ఒకసారైనా ఆ మెట్లెక్కక తప్పదు. మనిషి కోసం మనిషి రాకపోవచ్చు గానీ వస్తువు కోసమైనా వస్తుంది. నేను ఆ కుందేలును మేపింది దాని మీద ప్రేమతో కాదు, మొదట్లో. ఆమెను రప్పించడానికి.

పదిరోజులు పోయాయి. నెల పోయింది. ఫోన్లు చేసేది. ఒక ఆదివారం చేసినప్పుడు కుందేలు గూడు చువ్వలను పళ్లతో పట్టి లాగుతోంది, గలగలమని ఒకటే మోత.

"ఏందక్కా ఆ సప్పుడు?"

"నీ బిడ్డే. పొద్దస్తమానం ఇనుము కొరుకుతాంది. పండ్లు ఊడిపోతాయేమోనని భయమైతాంది నాకు."

ఆ వైపు నుంచి రాయి కోసే యంత్రం చప్పుడు వినపడింది.

"ఇడిసిపెట్టక్కా దాన్ని," అంది తర్వాత. "పాపం, అదీ సుఖపడతాది, నువ్వూ సుఖపడతావు."

ఎంత తేలికైన ఉపాయం, నాకెందుకు తట్టలేదు అనుకున్నాను. ఆ సాయంత్రమే గూడు తెచ్చి ఇంట్లో పెట్టి, మెట్ల వైపు తలుపు గడియ వేసి, గూడు తలుపు తెరిచాను.

మా వైపు ఆ మాటకు ఎన్ని అర్థాలో. సాయంత్రం ఇంటిగంట కొట్టగానే ఊళ్లో వాళ్లు "బడి ఇడిసినారు" అంటారు. ఆ గంటకు పిల్లలకే కాదు, మాకూ ప్రాణం లేచొస్తుంది. కాలవ పారిన రోజు "నీళ్లు ఇడిసినారంట" అని దొర్నిపాడు నుంచి మా బడి దాకా ఒకటే కబురు. పొద్దున్నే కట్టుకొయ్యల నుంచి గొడ్లను ఇడుస్తారు. ఇవన్నీ మంచి అర్థాలు. ఇంకోటి కూడా ఉంది. ఇరవై రెండేళ్ల కిందట, పెళ్లయిన మూడో ఏడు, నా భర్త నన్ను పుట్టింట్లో దింపి, పదిరోజుల్లో వచ్చి తీసుకుపోతానని చెప్పి మళ్లీ రాలేదు. "మొగుడు ఇడిసిపెట్టినాడంట" అని కొళాయి దగ్గర ఆడవాళ్లు అనుకోవడం నా చెవులతో విన్నాను. అప్పటి నుంచి ఆ ఒక్క అర్థాన్ని నా ఇంటికి రానివ్వలేదు. పదో తరగతి పిల్లలకు నానార్థాలు చెప్పేది నేనే. రెండు మార్కుల ప్రశ్న అది, వదులుకోవద్దని చెప్పి మరీ రాయిస్తాను.

గూడు తలుపు తెరిచిన రోజు అది చాలాసేపు బయటికి రాలేదు. ముక్కు బయటపెట్టి గాలి చూసింది. ముందు కాళ్లు బండ మీద పెట్టగానే జారి బోర్లా పడింది. మళ్లీ గూట్లోకి పోయింది. నేను ఒక సంచి తెచ్చి వేశాను. సంచి అంచు దాకా వచ్చి ఆగింది. ఇంకోటి వేశాను. అట్లా నేను సంచులు వేస్తూ వెనక్కి పోతుంటే అది నా వెంట ఒక్కో సంచీ దాటుకుంటూ వచ్చింది. వారం తిరిగేసరికి ఇల్లంతా దానిదే. ఉన్నట్టుండి పరుగెత్తేది, గాల్లోకి ఎగిరి నడుము తిప్పి దిగేది. మొదటిసారి చూసినప్పుడు పకపకా నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినపడింది. ఇంట్లో ఎవరో నవ్వినట్టు తిరిగి చూశాను కూడా.

నష్టం తక్కువేమీ లేదు. చెప్పు పట్టీలు కొరికింది, చీర కొంగు కొరికింది, ఎనిమిదో తరగతి జవాబు పత్రాలు నేను దిద్దకముందే అంచులన్నీ దిద్దేసింది. పిల్లలకు ఏం చెప్పాలో తెలియక, ఎలుకలు కొట్టాయని అబద్ధం చెప్పాను. ఒకరోజు ఫ్రిజ్జు వైరు కొరికితే కరెంటు పని చేసే అతన్ని పిలిపించాను.

"ఏంది మేడం, ఎలకలా?" అన్నాడు వైరు చూసి.

"కాదప్పా, కుందేలు."

అతను మంచం కింద కూర్చున్నదాన్ని వంగి చూశాడు. "ఇంకా ఎంత పెరగాలమ్మా, కోసేకి?" అన్నాడు మామూలుగా.

"కోసేకి కాదు. ఊరికే. తిరుగుతాది."

"ఊరికేనా!" అని తలాడించి, వైర్లన్నిటికీ ప్లాస్టిక్ పైపులు తొడిగి పోయాడు. మెట్లు దిగుతూ కింద ఇంటి ఓనరమ్మతో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ ఓనరమ్మ ప్రతి నెలా ఒకటే మాట. "ఆయమ్మ రాదుగాని టీచరమ్మా, ఆ గది ఆస్పత్రిలో పనిచేసే పిల్లకు ఇద్దాం. నీకూ తోడుంటాది." నేను మాత్రం, "ఆ పాప మంచం ఉంది గదమ్మా, కుందేలు గూడా ఆమెదే, ఇయ్యాల్నో రేపో వస్తాది," అనేదాన్ని. ఓనరమ్మ నా మొహం వంక చూసి మెట్లు దిగి పోయేది. అట్లా చూడటం నాకు నచ్చేది కాదు.

నిజం చెప్పాలంటే బడి నుంచి వచ్చాక మర్నాడు పొద్దున దాకా నాతో మాట్లాడే మనిషి లేదు. తాళం తీసే చప్పుడు వినగానే అది దారి మొదటికి వచ్చి, మొదటి సంచీ మీద నిలబడేది. అంతకు మించి ఒక్క అడుగు వేయదు. నేను చెప్పులు విడిచి, సంచీ పక్కన బండ మీదే కూర్చుని ఆ రోజు కబుర్లన్నీ చెప్పేదాన్ని. హెడ్మాస్టరు ఏమన్నాడు, ఎవరికి ఎన్ని మార్కులు, బస్సులో సీటు దొరికిందా లేదా. దానికి గొంతు లేదు. కోపం వస్తే వెనక కాలుతో నేలను టప్పుమని కొడుతుంది, అంతే. కుక్కరు కూతపెడితే చాలు కొట్టేది. కొన్నాళ్లకు ఆ చప్పుడు కోసమే నేను కుక్కరు పెట్టేదాన్ని.

ఒకసారి ఆదివారం మధ్యాహ్నం అది ఉన్నపళంగా పక్కకు పడిపోయింది. కాళ్లు చాచి, కళ్లు సగం మూసి, కదలకుండా. చచ్చిపోయిందనుకున్నాను. దాని పక్కన కూలబడి ఏడ్చాను, "పాపకు ఏం చెప్పాల్రా దేవుడా" అని పైకే అన్నాను. నా ఏడుపుకు అది లేచి కూర్చుని, ముఖం కడుక్కోవడం మొదలుపెట్టింది. భయం లేకుండా నిద్రపోయేటప్పుడు కుందేళ్లు అట్లాగే పడిపోతాయని పశువుల డాక్టరు తర్వాత చెప్పాడు. నా ఇంట్లో దానికి భయం లేదన్నమాట. ఆ రోజు దానికి కొత్తిమీర కట్ట మొత్తం పెట్టాను.

ఫోన్లు తగ్గాయి. వారానికొకటి పోయి నెలకొకటి అయింది. నేనే చేసేదాన్ని, చేయడానికి కుందేలు సాకు. "నీ మంచం కిందనే పండుకుంటాంది పాపా, నీ కోసమే చూస్తాంది," అనేదాన్ని. అది అక్కడ పడుకునేది ఆ మూల చల్లగా ఉంటుందని. నాకూ తెలుసు. "అవునా అక్కా," అనేది ఆమె, అవతల ఎవరో పిలుస్తుంటే "వస్తాండా" అని అటు తిరిగి అరిచేది. ఆమెకు కొడుకు పుట్టాడు. పేరు పెట్టే రోజుకు పిలుపు వాట్సాపులో వచ్చింది. ఆ రోజు నాకు జ్వరం, పోలేకపోయాను. రాలేదేమని ఆమె అడుగుతుందని ఎదురుచూశాను. అడగలేదు.

ఇక నేనే పోవాలనుకున్నాను. బిడ్డకు ఉన్ని టోపీ, గౌను కొన్నాను. ఒక రెండో శనివారం పొద్దున మూత ఉన్న వెదురుబుట్టలో గోనెసంచి ముక్క వేసి, కుందేలును అందులో కూర్చోబెట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఆమె తీసుకుంటానంటే ఇచ్చేద్దామనే పోయాను. ఇస్తే ఇంట్లో ఏం మిగులుతుందో ఆలోచించలేదు. ఆమె సొమ్ము ఆమెకు చేర్చానన్న మాట ఉంటుంది, దాన్ని చూడటానికి నేను నెలకోసారి పోవచ్చు, ఇదీ నా లెక్క. నేను లెక్కల టీచర్ని కాదు.

కండక్టరు బుట్ట వైపు చూసి, "ఏందమ్మా అది, కోడా?" అన్నాడు.

"కుందేలప్పా."

"యాడ పట్టినారు?"

"పట్టింది కాదు. ఇంట్లోది."

"అట్లయితే ఒళ్లో పెట్టుకో, కిందపెడితే దొర్లతాది," అని ముందుకు పోయాడు. దారి పొడుగునా రెండు వైపులా నల్లరేగడి చేలలో శనగ పచ్చగా ఉంది. మా బడి గేటు దాటేటప్పుడు, అలవాటుగా లేవబోయి మళ్లీ కూర్చున్నాను.

ఇల్లు యార్డు వెనకాలే. తల ఇంకా తేలని విగ్రహాలు వరసగా నిలబడి ఉన్నాయి, వాకిలంతా తెల్లటి రాతిపొడి. ఆమె బిడ్డను చంకన వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా! ఫోన్ చెయ్యకుండా వస్తివే!" అని చెయ్యి పట్టుకుంది. ఒళ్లు చేసింది, ముఖంలో నిగారింపు వచ్చింది. బిడ్డను నా ఒళ్లో వేసింది, బొరుగుల ఉగ్గాని చేసి, వద్దన్నా మళ్లీ పెట్టింది. వాళ్ల అత్తమ్మ కూడా మంచిమనిషే. వాళ్లలో ఎవరినీ తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

చేతులు కడుక్కున్నాక బుట్ట మూత తీశాను. కుందేలు బయటికి దూకి, అటూ ఇటూ చూసి, నా కుర్చీ కిందికి పోయి నా మడమకు ఆనుకుని కూర్చుంది. ఆమె వంగి చెయ్యి చాపితే ఇంకా వెనక్కి జరిగింది.

"అయ్యో, ఇదింకా ఉందా అక్కా?" అంది ఆమె.

"ఉండకేం? బాగుంది గదా. చూడు ఎంత బలిసిందో."

"ఇడిసిపెట్టమంటిని గదక్కా?"

"ఇడిసిపెట్టినా గదా, ఆ పొద్దే. గూట్లో పెట్టిందే ల్యా అప్పట్నుంచి. ఇల్లంతా తిరుగుతాంది," అన్నాను గొప్పగా.

ఆమె నా వంక ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత నవ్వింది. "ఇంట్లో కాదక్కా! యాడన్నా చేన్లోనో, కొండ కాడనో ఇడిసిపెట్టమంటి. నీకెందుకీ పీడ అని. నేను మళ్లీ ఆడికి యాడ వస్తానక్కా? బిడ్డ, బడి, ఈళ్లకు అన్నం నీళ్లు. ఈడ కుక్కలు గూడా ఉండాయి." ఆ నవ్వుతోనే, "ఆ మంచం గూడా ఎవురికన్నా ఇచ్చెయ్యక్కా, అడ్డం," అంది.

నేనూ నవ్వాను. ఇంకేం చేయను? ఇరవయ్యేళ్లుగా నానార్థాలు చెప్పే పంతులమ్మకు ఐదు అక్షరాల మాట అర్థం కాలేదని వాళ్ల అత్తమ్మకు కూడా చెప్పి నవ్వించాను. బిడ్డ టోపీ లాగేసుకుని నోట్లో పెట్టుకున్నాడు. రాయి కోసే యంత్రం ఆగినప్పుడల్లా మా ముగ్గురి మాటలు మరీ గట్టిగా వినపడ్డాయి.

సాగనంపడానికి ఆమె రోడ్డు దాకా వచ్చింది. "పోతా పోతా శిరివెళ్ల దాటినాక చేన్లల్లో ఇడిసిపెట్టక్కా. మేత బాగుంది ఇప్పుడు. ఎన్నాళ్లు మోస్తావు దీన్ని?" అంది. నా మంచి కోరే అంది. అందులో నాకు అనుమానం లేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని బుట్టను రెండు చేతులా పట్టుకున్నాను. ఆ రోజు ఫోన్లో ఆమె అన్న ఆ ఒక్క మాటలో మూడు మాటలు ఉన్నాయి. కుందేలును ఇడిసిపెట్టు, నన్ను ఇడిసిపెట్టు, నేను నిన్ను ఇడిసిపెట్టినా. నాకు నచ్చిన అర్థం ఒకటి ఏరుకుని, దాని మీద పదకొండు సంచులు పరిచాను. పదిరోజులు అన్న మాటను జీవితంలో రెండుసార్లు నమ్మాను. మొదటిసారి వయసు చిన్నది. రెండోసారికి ఏ సాకూ లేదు. కోపం ఆమె మీద రాలేదు, నా మీదే వచ్చింది.

శిరివెళ్ల దాటాక చేల మధ్యలో ఎవరో చెయ్యెత్తితే బస్సు ఆగింది. దిగాలంటే దిగొచ్చు. కిటికీలోంచి చూశాను. అంత నల్లటి నేల మీద అంత తెల్లటిది ఎంత దూరానికైనా కనపడుతుంది. వంద గజాలు పోకముందే కుక్కలు పడతాయి. చెయ్యి మూత మీద పెట్టుకుని కూర్చున్నాను. బస్సు కదిలింది.

ఇంటికొచ్చి తలుపు గడియ వేసి, బుట్టను మొదటి సంచీ మీద పెట్టి మూత తీశాను. లైటు వేయబోతుంటే ఫోన్ మోగింది. చాలా నెలల తర్వాత ఆమె తనంతట తను చేసిన ఫోను.

"చేరినావా అక్కా?"

"చేరినా పాపా."

"మరి కుందేలు?"

అది అప్పుడే బుట్టలోంచి దూకి, సంచుల మీదుగా రెండో గదిలోకి ఉరికింది. అక్కడి నుంచి వంటింటికి, వంటింటి నుంచి మళ్లీ నా దగ్గరికి.

"ఇడిసిపెట్టినా," అన్నాను.

"మంచి పని చేసినావక్కా," అంది ఆమె. నిజంగా తేలికపడి అంది. బిడ్డ ఏడుస్తున్నాడని పెట్టేసింది.

నేను చాలాసేపు ఏడ్చాను. కుందేలు ఇల్లంతా తిరుగుతూనే ఉంది.